కొండరాయి, రోడ్డురాయి

రేడియేటర్ మేస్త్రి షాపులో వెనక గోడకి ఒక చెక్క అర ఉంది. దాని మీద వరుసగా రేకు డబ్బాలు ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లు అందులో నట్లూ బోల్టులూ ఉంటాయనుకునేవాళ్లు. మూత తీస్తే రాళ్లు. బఠాణీ గింజంతవి, గోలీకాయంతవి, ఒకటీ అరా నిమ్మకాయంతవి. ప్రతి డబ్బా మీదా తెల్ల పెయింటుతో నెల, సంవత్సరం రాసి ఉండేవి. "రాళ్లు దాచుకునే మనిషికి బుర్రలో కూడా అవే ఉంటాయి" అని పక్క టైర్ల షాపాయన నవ్వేవాడు. మేస్త్రి కూడా నవ్వేవాడు. ఇప్పుడు ఆ అర వైపు చూసి ఎవరూ నవ్వడం లేదు.

ఆయన పని గురించి ముందు చెప్పాలి. ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో ఉన్న బండికి ముందు బంపర్ వెనకాల ఇంటర్‌కూలర్ అని ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. టర్బోలోంచి సలసలా కాగి వచ్చే గాలిని చల్లబరిచి ఇంజనుకి పంపడం దాని పని. అడ్డంగా గొట్టాలు, వాటి మధ్య కాగితం కన్నా కాస్త మందంగా ఉండే సన్న రేకులు. ఎదురుగాలి తగలాలి కాబట్టి అది బండిలో అన్నిటికన్నా ముందు నిలబడుతుంది. రోడ్డు మీద లేచిన ప్రతి రాయీ మొదట దాని మొహానే కొడుతుంది. ఇంత సుకుమారాన్ని తీసుకెళ్లి అంత ముందర పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన పుణ్యమా అని మేస్త్రి ఇంట్లో ముప్పై ఏళ్లు పొయ్యి వెలిగింది.

గొట్టం చిల్లి పడితే బండి ఎత్తు ఎక్కేటప్పుడు బుస్సుమంటుంది, నల్లపొగ కక్కుతుంది, ఎంత తొక్కినా లాగదు. అలాంటి బండ్లకి అతుకులేసి అతుకులేసి విసిగిపోయి, మేస్త్రి ఒకరోజు అసలు రాయి లోపలికి రాకుండా చేస్తే పోలేదా అనుకున్నాడు. అప్పటి నుంచి జాలీలు కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప తీగ జాలీ చాలామంది కడతారు. కట్టి చెడగొడతారు. కళ్లు మరీ సన్నమైతే బురద పట్టి గాలి ఆడదు, మరీ పెద్దవైతే రాయి దూరుతుంది, రేకులకి ఆనించి బిగిస్తే అదురుకి జాలీయే గొట్టాన్ని కొరికేస్తుంది. మేస్త్రి చిటికెన వేలి కొన పట్టేంత కన్ను తీసుకుంటాడు. జాలీకీ రేకులకీ మధ్య రెండు వేళ్లు నిలువునా పెట్టి చూస్తాడు. నాలుగు మూలలా రబ్బరు ముక్కలు వేసి తీగతో ముడేస్తాడు, వెల్డింగు మాత్రం ఎంతమంది చెప్పినా చెయ్యడు. కింద అంగుళం మేర జాలీని తొట్టిలా ముందుకి మడుస్తాడు. తగిలిన రాళ్లు ఆ మడతలో పడి ఉంటాయి. నెలకోసారి బండి తెస్తే ఊరికే దులిపి ఇస్తాడు. ఆ దులిపిన రాళ్లే ఆ డబ్బాల్లోవి.

అన్ని దారుల రాళ్లూ దాచడు. కొండదారిన తిరిగే బండ్లవి మాత్రమే దాస్తాడు. ఎందుకంటే ఆయనకున్న ఒక్కగానొక్క కూతురు మూడేళ్లుగా రోజూ ఆ దారిన వెళ్తుంది. కొండ అవతల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. తల్లి పోయి పదేళ్లు. షాపు మీది రెండు గదుల్లో తండ్రీకూతుళ్లే ఉంటారు. కూతురు బండెక్కితే మళ్లీ దిగేదాకా మేస్త్రి చెయ్యి పని మీద ఉన్నా చెవి వీధి మీదే ఉంటుంది. అన్నేసి జాలీలు కట్టినవాడు ఆమె కారుకి కట్టిన జాలీని మటుకు మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాడు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి!

రాయిని చూసి అది ఎక్కడిదో మేస్త్రి చెప్పేస్తాడు. అది గొప్పా కాదు, మంత్రమూ కాదు, అలవాటు. టైర్ల కింద నలిగిన రోడ్డురాయికి అంచులు అరిగి ఉంటాయి, ఒక పక్క తారు నలుపు ఉంటుంది, జాలీకి కింది సగంలోనే తగులుతుంది. కొండ నుంచి కొత్తగా ఊడిన రాయికి కత్తిలాంటి అంచులు. తారు ఉండదు. విరిగిన ముఖం లేతగా, ఎండ చూడని చర్మంలా ఉంటుంది. మూడేళ్ల డబ్బాల్లో అన్నీ రోడ్డురాళ్లే. ఎక్కడో ఒకటి రెండు కొండరాళ్లు.

ఆ ఏడు ఎండలు ముదిరే నెలలో డబ్బాలో సగం కొండరాళ్లు వచ్చాయి.

మరుసటి నెల డబ్బా నిండా అవే. ఒక్కదానికీ తారు లేదు. మేస్త్రి అప్పుడే దులిపిన ఒక రాయి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. అంటుకుని ఉన్న ఎర్రమట్టి వేలికి తడిగా తగిలింది. చినుకు పడి యాభై రోజులైంది. వీధిలో కుక్కలు నీళ్ల కోసం నాలుకలు వేలాడేసుకుని తిరుగుతున్నాయి. మరి కొండ కడుపులో ఈ తడి ఎక్కడిది? ఆ రాయి కింద పెట్టాక కూడా ఆయన చాలాసేపు వేలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం స్కూటర్ వేసుకుని తనే వెళ్లాడు. మొదటి వంపు బాగుంది, రెండోది బాగుంది. మూడో వంపు దగ్గర స్కూటర్ ఆపి ఇంజన్ కట్టేశాడు. కొండపక్క కట్టిన రాతిగోడ నడిమిన పొట్టలా ముందుకొచ్చి ఉంది. గోడ అడుగున సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. గాలి లేదు, పిట్ట లేదు. పైనెక్కడి నుంచో చిన్న రాయి దొర్లి రోడ్డు మీద పడింది. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్. ముప్పై ఏళ్లుగా చిల్లి ఎక్కడుందో గాలి చప్పుడు విని పట్టుకునే మనిషికి ఆ చప్పుడుకి అర్థం ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. లోపల నీరు చేరి కొండ వదులవుతోంది. స్కూటర్ వెనక్కి తిప్పుకున్నాడు.

సోమవారం రెండు డబ్బాలు సంచిలో వేసుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్లాడు. ఇంజనీరు టీ తాగుతున్నాడు.

"ఏంటి మేస్త్రీ ఇవి?"

"కొండరాళ్లు సార్. మూడో వంపువి."

"కొండ మీద కొండరాళ్లు కాక బంగాళాదుంపలు పడతాయా?" అన్నాడు ఇంజనీరు. గుమాస్తా పడీపడీ నవ్వాడు. "బోర్డు పెట్టాం కదయ్యా, రాళ్లు పడు స్థలము, జాగ్రత్త అని."

"రాళ్లు పడేటప్పుడు జాగ్రత్తగా ఉండటం ఎలా సార్? తల పైకెత్తుకుని నడపాలా?"

"నువ్వు రేడియేటర్ మేస్త్రివా, కొండ మేస్త్రివా? సరేలే, రాసివ్వు. పైకి పంపిస్తా."

మేస్త్రి నిలబడే రాసిచ్చాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోతుంటే ఇంజనీరు ఆయన తెచ్చిన రాయే ఒకటి తీసి దాని మీద పెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నిజానికి మేస్త్రి మళ్లీ వెళ్లాలి. మర్నాడు వెళ్లాలి, ఆ మర్నాడు వెళ్లాలి, ఆఫీసు మెట్ల మీద కూర్చోవాలి, లేకపోతే ఆ మూడో వంపు దగ్గరే అడ్డంగా నిలబడాలి. వెళ్లలేదు. అవమానం పడ్డ మనిషికి మళ్లీ ఆ గుమ్మం ఎక్కాలంటే కాళ్లు రావు. మనమైనా అంతే. కాకపోతే మన అవమానాలకి ఇంత ఖరీదు ఉండదు.

ఆ వారంలోనే కూతురితో పాటు పనిచేసే అమ్మాయి తన కొత్త ఎర్ర కారు తీసుకుని షాపుకి వచ్చింది. పిట్టంత మనిషి, నోరు మూతపడదు, అందుకని ఆసుపత్రిలో అందరూ ఆమెని పిచ్చుక అంటారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఎక్స్‌రే గది చూసుకునేలా వాళ్లిద్దరికీ జంట డ్యూటీ.

"బాబాయ్, మా అక్క కారుకి కట్టినట్టే నాకూ కట్టాలి. ఒక్క తీగ తగ్గినా ఊరుకోను."

మేస్త్రి బంపర్ విప్పాడు, కొలతలు తీశాడు, కత్తిరించాడు, ముడులేశాడు. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని గంటన్నర సేపు కబుర్లు చెప్పింది. వాళ్ల నాన్నకి కళ్లు సరిగా కనపడవనీ, రోజూ పేపరు తనే చదివి వినిపించాలనీ, రాజకీయాలు ఆమె గొంతులో వింటే ఆయనకి నవ్వొస్తుందనీ చెప్పింది. మూడో వంపు సంగతి చెబుదామని మేస్త్రికి నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆమె జాలీని వేలితో మీటి చూసి, "అబ్బ, ఏం పనితనం బాబాయ్! ఇక నాకు ఆ దారిలో భయం లేనట్టేగా?" అంది.

మెచ్చుకోలుకి లొంగని మేస్త్రి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

"నా జాలీ ఉండగా నీకెందుకమ్మా భయం!" అన్నాడు.

ఆమె హారన్ కొట్టి, చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఆయనకి అప్పుడే మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. మరో బండి రావడంతో మర్చిపోయాడు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం కూతురు కారు దిగి, "నాన్నా, ఇవాళ నీ జాలీకి గట్టి పనే పడింది" అని నవ్వుతూ పైకి వెళ్లింది. మేస్త్రి వంగి చూశాడు. జాలీ పై అంచు లోపలికి సొట్టపోయింది. బానెట్ మీద మూడు సొట్టలు. రోడ్డురాయి ఎప్పుడూ పై అంచుకి తగలదు. బానెట్ మీదికి అసలే ఎక్కదు. ఇవి పైనుంచి పడ్డాయి. మడతలో కోడిగుడ్డంత రాయి ఉంది, తడిగా.

భోజనం దగ్గర కూతురిని బతిమాలాడు.

"ఆ దారిన వద్దమ్మా. చుట్టు తిరిగి వెళ్లు."

"చుట్టు తిరిగితే రెండున్నర గంటలు నాన్నా. పోను రెండున్నర, రాను రెండున్నర. డ్యూటీ ఎప్పుడు చెయ్యను?"

"సెలవు పెట్టు."

"కొండ పడిపోతుందని సెలవు చీటీ రాయమంటావా? అక్కడ కాళ్లు విరిగినవాళ్లు వరసలో కూర్చుని ఉంటారు. అయినా నీ జాలీ ఉందిగా!"

ఆ మాటతో మేస్త్రి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆమెకి భయం ఉంటే ఆగేదేమో. ఆ భయం పోగొట్టింది తనే. కూతురు చెయ్యి కడుక్కుని రేపటి బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది.

తెల్లవారుజామున మేస్త్రి కిందికి దిగాడు. కూతురి కారు ముందు గోనె పరిచి కూర్చున్నాడు. బంపర్ ఊడదీసి, తను కట్టిన నాలుగు ముడులూ తనే విప్పి, జాలీ పక్కన పెట్టాడు. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఒక్క గొట్టానికైనా చిల్లి పొడిచిన చెయ్యి కాదది. ఆ స్థితిలో కూడా, తర్వాత అతుకెయ్యడానికి వీలుగా ఉంటుందని చివరి నుంచి రెండో గొట్టం ఎంచుకున్నాడంటే అలవాటు ఎంత చెడ్డదో చూడండి. పొడిచాడు. జాలీ మళ్లీ కట్టేసి, మడతలో ఒక పదునైన రాయి సాక్ష్యానికి పెట్టి, బంపర్ బిగించాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేస్త్రి లేచి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

ఆరున్నరకి కూతురు బయల్దేరింది. వీధి చివర వంతెన ఎత్తు ఎక్కేసరికి కారు బుస్సుమంది, నల్లపొగ కక్కింది. ఐదు నిమిషాల్లో వెనక్కి వచ్చింది. మేస్త్రి అప్పటికే కంప్రెసర్ ఆన్ చేసి ఏదో పాత రేడియేటర్ ముందేసుకుని కూర్చున్నాడు.

"చూడు నాన్నా, అస్సలు లాగట్లేదు."

ఆయన వంగి చూసినట్టు నటించి, రాయి తీసి చూపించాడు. "చిల్లి పడింది. మూడు రోజులు పడుతుంది."

"జాలీ ఉండగా ఎలా దూరింది?"

"ఎక్కడో సందు దొరికింది."

ఆమె విసుక్కుంటూ ఫోను తీసి గుమ్మంలోకి వెళ్లింది. కంప్రెసర్ హోరులో మాటలు వినపడలేదు. సెలవు అడుగుతోందనుకున్నాడు మేస్త్రి. ఎన్నాళ్లకో ఊపిరి నిండుగా పీల్చుకున్నాడు. బతికింది నా తల్లి, ఈ మూడు రోజులూ బతికింది, ఈలోపు ఆ ఆఫీసు వాడి కాళ్లయినా పట్టుకుంటాను, అనుకున్నాడు. కూతురు టీ పెట్టి తెచ్చింది. ఆయన ఇంటర్‌కూలర్ ఊడదీసి, రెండు మూతులూ బిగించి, గాలి పట్టి నీళ్లతొట్టిలో ముంచాడు. బుడగలు వరసగా పైకి వచ్చాయి.

కూతురు గ్లాసు పట్టుకుని ఆ బుడగల దగ్గరే వంగింది. ఈ షాపులోనే పుట్టి పెరిగిన పిల్ల. పొరుగు పిల్లలు బొమ్మలతో ఆడుకుంటే ఈమె వంగిన రేకుల్ని దువ్వెనతో సరిచేస్తూ ఆడుకుంది. తొట్టిలోంచి ఆ పెట్టెని తనే పైకెత్తి వెలుతురుకి పట్టింది.

"ఇది రాయి పని కాదు నాన్నా."

మేస్త్రి గుడ్డ తీసుకుని తొట్టి అంచు తుడవడం మొదలుపెట్టాడు.

"రాయి కొడితే చుట్టూ రేకులు వంగుతాయి. ఇక్కడ ఒక్కటీ వంగలేదు. చిల్లి కోసినట్టుంది. నువ్వే నాకు నేర్పావు." ఆ పెట్టెని ఆయన ముందు పెట్టింది. "ఎందుకు చేశావు?"

"నిన్ను ఆపడానికి" అన్నాడు మేస్త్రి. ఇక దాచలేక లేచి, అర మీది డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి నేల మీద వరసగా కుమ్మరించాడు. "నువ్వు ఒక్కసారైనా వీటిని చూశావా? చాదస్తం అనుకున్నావు. చూడు. ఇవి మూడేళ్ల కిందటివి. ఇవి పోయిన ఏడాదివి. ఇవి రెండు నెలల కిందటివి. ఇది నిన్నటిది."

ఆమె కోపంగానే చూడటం మొదలుపెట్టింది. ఒక్కో కుప్ప దాటుతుంటే కోపం దిగిపోతూ వచ్చింది. గుండ్రటి నల్లరాళ్లు పోను పోను పదునెక్కి, ఎర్రబడి, పెద్దవై, చివరికి కోడిగుడ్డంత అయ్యాయి. ఎక్స్‌రే చదివే మనిషికి వరసలో పెట్టినవి చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

"నాన్నా" అంది. "నా డ్యూటీకి పిచ్చుక వెళ్లింది."

"సెలవు అడిగావు కదా?"

"ఎక్స్‌రే గదికి సెలవెక్కడిది నాన్నా? నేను రాకపోతే తను వెళ్లాలి. ఇవాళ దాని సెలవు. ఫోన్ చేసి లేపాను. ఏడింటికి బయల్దేరింది."

గోడ గడియారంలో ఎనిమిది కావడానికి పది నిమిషాలుంది. కంప్రెసర్ కట్టేయమని సైగ చేసి ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. షాపంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అవతల మోగుతున్న చప్పుడు ఆయనకీ వినపడుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగింది. ఆసుపత్రికి చేసింది. ఇంకా రాలేదన్నారు, రోగులు గొడవ చేస్తున్నారన్నారు.

ఇద్దరూ స్కూటర్ మీద బయల్దేరారు. కొండ మొదట్లోకి వచ్చేసరికి బస్సులూ లారీలూ బారులు తీరి ఆగి ఉన్నాయి. జనం దిగి పైకి చూస్తున్నారు. మూడో వంపు మీద ఎర్రటి దుమ్ము ఇంకా దిగలేదు. స్కూటర్ అక్కడే పడేసి నడిచారు, కాదు, పరిగెత్తారు. మూడో వంపు దగ్గర గోడ లేదు, రోడ్డు లేదు. ఇంటి ఎత్తున మట్టీ బండలూ. వాటి కింది నుంచి ఒక కారు ముందు భాగం మాత్రం మూరెడు బయటికి వచ్చి ఉంది. ఎర్ర రంగు. బంపర్ ఊడి పక్కన పడింది.

కూతురు పిచ్చుకని అసలు పేరుతో పిలిచి, గుండె పగిలేలా అరుస్తూ చేతులతో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. ఎవరో ఆమెని వెనక్కి లాగారు. పైనుంచి ఇంకా రాళ్లు దొర్లుతున్నాయి. టిక్, టిక్.

మేస్త్రి కదల్లేదు. ఆయన కళ్లకి ఎదురుగా ఆ కారు జాలీ ఉంది. నాలుగు మూలలా నాలుగు రబ్బరు ముక్కలు, నాలుగు ముడులు. ఒక్క తీగ వంగలేదు. వెనకాల ఇంటర్‌కూలర్ కొన్ననాటిలా మెరుస్తోంది.

పిచ్చుకని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. ప్రాణం పొద్దున్నే పోయిందన్నారు. చూపు ఆనని తండ్రిని ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. తన కూతురి స్నేహితురాలి తండ్రి అని తెలిసి ఆయన మేస్త్రి చేతులు తడిమి పట్టుకున్నాడు. "మీ అమ్మాయి కారు పాడైందట కదా. మీ అదృష్టం బాగుంది. మా పిల్ల మీ జాలీ గురించి ఎంత చెప్పేదో" అన్నాడు. మేస్త్రి ఆ చేతుల్లోంచి తన చేతులు విడిపించుకోలేదు, నిజం చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. కూతురూ చెప్పలేదు. రోజూ సాయంత్రం ఆమె ఆ ఇంటికి వెళ్లి ఆయనకి పేపరు చదివి వినిపించి వస్తుంది. తండ్రితో అవసరానికి మించి మాట్లాడదు.

కొండదారి మూసేశారు. మూసేశాక ఇంజనీరు స్వయంగా వచ్చి, "ఆ రాళ్ల డబ్బాలు ఇవ్వు మేస్త్రీ, పైవాళ్లు అడుగుతున్నారు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చాడు. తిడదామని మేస్త్రికి నోటిదాకా వచ్చింది. ఏ నోటితో తిడతాడు? నావాళ్లు బతికితే చాలనుకున్నది తనూను. డబ్బాలు సంచిలో సర్ది ఇచ్చాడు. ఒక్కటి మాత్రం ఉంచుకున్నాడు. ఆ తెల్లవారుజామున సాక్ష్యానికి మడతలో పెట్టిన రాయి అందులో ఉంది.

వారం తిరక్కుండా షాపు ముందు బండ్లు బారులు తీరాయి. ఆ ఎర్ర కారు ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. కొండే మీద పడ్డా చెక్కుచెదరని జాలీ అని కింద ఎవరో రాశారు.

"మేస్త్రీ, ఆ కారుకి కట్టిందే మాకూ కట్టాలి" అన్నాడు వరసలో మొదటివాడు.

మేస్త్రి చేతిలో కత్తెర ఉంది, ముందర తీగ జాలీ చుట్ట ఉంది. కూతురు మెట్ల మీద నిలబడి ఏం చేస్తాడో చూస్తోంది. ఆయన కత్తెర కింద పెట్టి, బయటికి వచ్చి షట్టర్ దించాడు.